పెద్దత్త గుర్తుపట్టిన వీపు

ఇంగ్లీషు నవలల్లో ప్రేమలంటే పెద్దత్తకి ప్రాణం. దగ్గరి చూపు మందగించింది కనక తను చదవలేదు. రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక మేనకోడలు పక్కన కూర్చుని చదివి వినిపించాలి. ఆ మేనకోడల్ని ఇంట్లో అందరూ పాప అంటారు. నలభయ్యో పడి గుమ్మంలో నిలబడి తలుపు కొడుతున్నా, చెవుల పక్కన వెండి తీగలు మెరుస్తున్నా, ఆ ఇంట్లో ఆవిడ ఇంకా పాపే. పెళ్ళికాని ఆడపిల్లకి ఆ ఇంట్లో వయసు రాదు, మోకాళ్ళ నొప్పులు మాత్రం వస్తాయి.

పాప పొద్దుటిపూట లైబ్రరీలో పని చేస్తుంది. అట్టలు ఊడిన లావుపాటి నవలలు, ఎవరో ఎప్పుడో తర్జుమా చేసినవి, అక్కణ్ణించే తెస్తుంది. పేర్లే తేడా గానీ అన్నిట్లోనూ దాదాపు ఒకటే భాగోతం. ఓ పెద్ద బంగళా, అందులో ఓ అమ్మాయి. పక్కనే ఓ అబ్బాయి, మంచివాడే, జేబు మాత్రం ఖాళీ. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి పిచ్చి ఇష్టం, ఆ ముక్క చెప్పుకోడానికే నోరు పెగలదు. వానొచ్చేలా ఉందండీ అని ఒకరంటే, అవునండీ వచ్చేలాగే ఉంది అని ఇంకొకరు. ఇలా సగం పుస్తకం లాగించేస్తారు. వాన రానే వస్తుంది, అమ్మాయి తడుస్తుంది, ఆ మాత్రానికే రెండు అధ్యాయాలు మంచం పడుతుంది. ఈలోపు ఎక్కణ్ణించో ఓ పెద్దావిడ ఊడిపడుతుంది. పిన్నో, అత్తో, అమ్మమ్మో. వాడి అంతస్తేమిటి మన అంతస్తేమిటి అని ఆ అబ్బాయిని తగిలేస్తుంది. అమ్మాయి కిటికీ దగ్గర కూర్చుని చిక్కి సగమైపోతుంది. చివరికి ఆ అబ్బాయి ఎక్కడో బోలెడు సంపాదించుకుని గుర్రబ్బండిలో తిరిగొస్తాడు.

ఆ తిరిగొచ్చే ఘట్టం వచ్చేసరికి పెద్దత్త దిండుకి ఆనుకున్నదల్లా లేచి కూర్చుంటుంది.

"ఇప్పుడు మాట్లాడమను ఆ ముసల్దాన్ని. మాట్లాడమను. పచ్చని పిల్ల బతుకు బుగ్గిచేసింది, దాని మొహం మండా."

"ఏ ముసల్ది పెద్దత్తా?"

"ఏ ముసల్దేమిటే, నవల్లో ముసల్ది. నువ్వే కదా చదువుతున్నావు."

"ఓహో," అని పాప పేజీ తిప్పుతుంది.

పాప ఆ ఓహోని ఎంత మెత్తగా అనేదంటే, పెద్దత్తకి అందులో ఉన్న ముల్లు ఏనాడూ గుచ్చుకోలేదు. గుచ్చుకోవాలంటే అవతలివాళ్ళకి కాస్త అనుమానమైనా ఉండాలి కదా. పెద్దత్త మనసు కడిగిన పళ్ళెంలా ఉండేది, ఏదీ అంటుకోదు.

జరిగిందేమిటంటే, పాపకి పాతికేళ్ళన్నా లేనప్పుడు అక్క పెళ్ళి కుదిరింది. ముందు హాల్లో సోఫాలూ కుర్చీలూ చిరిగి పీచు బయటికి వేలాడుతోంది. మగపెళ్ళివారు వచ్చి ఆ పీచు మీద కూర్చుంటే పరువేం కాను? అందుకని సోఫాల పని తెలిసిన ఒకతన్ని పిలిపించారు. మనిషి కుర్రవాడు, పని మాత్రం గట్టిది. అతనికి వెనక వసారాలో చోటిచ్చారు. ఆ ఇంటి పద్ధతి అది. ముందు గుమ్మం చుట్టాలకి, పెరటి గుమ్మం పనివాళ్ళకి. కుర్చీలు బాగుచేసేవాడైనా సరే కుర్చీలో కూర్చోకూడదు.

అతను నేలమీద కూర్చుని, సోఫాని బోర్లా పడేసి, ఇంటివైపు వీపు పెట్టి పని చేసేవాడు. చిన్న మేకులు గుప్పెడు తీసి నోట్లో పోసుకుంటాడు. నాలుకతో ఒక్కోటీ పెదాల మధ్యకి తోస్తాడు, అయస్కాంతమున్న సుత్తి మొనకి అంటించుకుని టకీమని కొడతాడు. ఆ పనివాళ్ళందరూ అంతే, ఒక చేత్తో గుడ్డ బిగించి లాగాలి, ఇంకో చేత్తో సుత్తి పట్టాలి, మరి మేకులెక్కడ పెట్టుకుంటారు పాపం. దాంతో అతను మాట్లాడితే పెదవి మూల నుంచి ముద్దముద్దగా వచ్చేది. ఇంట్లో ఎవరికీ ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. టీ ఇవ్వడానికి వెళ్ళే పాపకి మాత్రం అర్థమయ్యేది. మొదటివారం మాటలు అర్థమయ్యాయి, రెండోవారం మాటలు కానివి కూడా అర్థమయ్యాయి. ఆ నెలంతా టీలు కాస్త ఎక్కువే వెళ్ళాయి వసారాలోకి. ఇంట్లో పాలెందుకు చాలట్లేదా అని అందరూ పాలవాణ్ణి అనుమానించారు.

పని అయిపోవస్తుండగా అతను మేకులన్నీ తీసేసి, నోరు ఖాళీ చేసుకుని మరీ అడిగాడు. "మీ ఇంట్లో అడగమంటారా?"

"నేను చెప్తాను," అంది పాప.

చెప్పింది కూడా. అంటే, చెప్పడం మొదలుపెట్టింది. పెద్దత్త సగం విని, "ఎవరూ, ఆ మేకులు నమిలేవాడా?" అని నవ్వింది. తిడితే బాగుండును. కొట్టినా బాగుండును. పొట్ట పట్టుకుని, కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వింది. అప్పుడు పాప ఏం చేసింది? నవల్లో అమ్మాయయితే తెల్లబోయి స్పృహ తప్పేది. పాప నీళ్ళు నమిలి, మెల్లిగా తనూ నవ్వింది. ఊరికే అన్నాలే పెద్దత్తా, అంది.

వసారాలో సుత్తి చప్పుడు ఆగింది. సాయంత్రానికి ఆఖరి కుర్చీ ముగించి, పెట్టిన టీ పెట్టినట్టే వదిలేసి, అతను పెరటి గుమ్మంలోంచి వెళ్ళిపోయాడు. తర్వాత అక్క పెళ్ళి ఘనంగా జరిగింది, కుర్చీలు ఎంత బాగున్నాయో అని అందరూ మెచ్చుకున్నారు.

ఆ కుర్చీలు ఇన్నేళ్ళు ఆగాయంటే గొప్పే. ఈమధ్యనే ఓ మధ్యాహ్నం, నవల్లో అబ్బాయి గుర్రబ్బండి దిగే సమయానికి పెద్దత్త ఊపుగా లేచి మళ్ళీ కూర్చునేసరికి సోఫా లోపలి స్ప్రింగు తెగి, గుడ్డ చీల్చుకుని, ఎక్కడ పొడవకూడదో అక్కడ పొడిచింది. ఆ కేకకి పై వాటాలో అద్దెకున్నవాళ్ళు కిందికి పరిగెత్తుకొచ్చారు. పై వాటా అద్దెకిచ్చి చాలా కాలమైంది లెండి. పరువు కింది వాటాలోనే సర్దుకుని ఉంటోంది.

"ఊళ్ళో అన్నిటికన్నా పెద్ద షాపు ఏదో దానికి ఫోన్ చెయ్యి," అని బోర్లా పడుకునే ఆజ్ఞాపించింది పెద్దత్త. "మేకులవాళ్ళూ గీకులవాళ్ళూ వద్దు."

పాప ఫోన్ చేసింది. మర్నాడు కారొచ్చి ఆగింది. పాప ముందు తలుపు తీసింది.

తీసిన చెయ్యి తలుపు మీదే ఉండిపోయింది. అతను కాస్త లావయ్యాడు, జుట్టు ముందువైపు సెలవు తీసుకుంది, కళ్ళజోడొచ్చింది. అయినా పాప గుర్తుపట్టడానికి రెప్పపాటు పట్టలేదు. అతనూ గుర్తుపట్టాడు.

"ఎండగా ఉంది," అంది పాప.

"అవునండి, ఎండే," అన్నాడతను.

ఇన్నేళ్ళు ఇన్ని నవలలు చదివితే మరి ఇదా ఒంటబట్టేది.

లోపల్నించి పెద్దత్త తొంగి చూసింది. ముందు కారు చూసింది, తర్వాత చేతి గడియారం చూసింది, ఆ తర్వాత మనిషిని చూసింది. "రండి బాబూ రండి, లోపలికి రండి. కూర్చోండి. ఆ కుర్చీ వద్దు, ఈ కుర్చీ. పాపా, బంగారు అంచు కప్పుల్లో టీ తీసుకురా."

పాప టీతో వచ్చేసరికి విచారణ మొదలైపోయింది.

"ఎన్ని షాపులు బాబూ మీకు?"

"రెండండి. వెనకాల పనిచేసే షెడ్డు ఒకటి."

"ఇంట్లో ఎవరెవరుంటారు?"

"మా అత్తగారూ నేనూ. మా ఆవిడ పోయి కొన్నేళ్ళయింది. పిల్లల్లేరు."

"అయ్యయ్యో పాపం," అంది పెద్దత్త. ముఖం మాత్రం దీపం పెట్టినట్టు వెలిగింది.

అవును, అతను పెళ్ళి చేసుకున్నాడు. నవల్లో అబ్బాయిలు అమ్మాయిని తల్చుకుంటూ ఓడల మీద ఒంటరిగా తిరుగుతారు. ఇతనికి ఓడ లేదు. తనకి పని నేర్పిన మేస్త్రీ కూతుర్ని చేసుకున్నాడు, బాగా చూసుకున్నాడు, పోతే ఏడ్చాడు. పాపకి ఆ మాట వినగానే ఎక్కడో చురుక్కుమంది. నవ్వినదానికి చురుక్కుమనే హక్కేమిటో మరి.

పెద్దత్త పాపని వంటింట్లోకి లాక్కెళ్ళి చెవి కొరికింది. "మనిషంటే అలా ఉండాలే. ఆ కూర్చునే తీరు చూశావా? పెద్ద కుటుంబం. మొహంలోనే తెలుస్తోంది."

"మనకి తెలిసిన మొహమేనేమో పెద్దత్తా. ఎక్కడైనా చూశావేమో గుర్తు తెచ్చుకో."

"నేనా? ఇలాంటి మొహం చూస్తే మర్చిపోతానా? జన్మలో చూళ్ళేదు."

అందులో అబద్ధం లేదు. ఆ నెల్లాళ్ళూ ఆవిడ ఇటునుంచి అటూ అటునుంచి ఇటూ వసారా దాటుతూనే ఉంది గానీ, పనివాడి మొహం చూడాలని ఎవరికి తోస్తుంది? చూసిందల్లా వీపు. ఆ వీపుకే, వెనక్కి తిరగమనైనా చెప్పకుండా, సంబంధం కాదని చెప్పింది.

"నీ అదృష్టం బాగుంటే," అని గొణుగుతోంది పెద్దత్త, "రెండో పెళ్ళివాడైతేనేం, నీకేమైనా పదహారేళ్ళా? కాస్త జుట్టు సర్దుకో."

హాల్లోకి వచ్చేసరికి అతను కోటు విప్పి కుర్చీకి తగిలించాడు. సోఫా లోపల ఎలా ఉందో చూడాలన్నాడు. అలా అని దాన్ని ఒక్క ఊపుతో బోర్లా తిప్పి, నేలమీద మోకాళ్ళేసి, అడుగు గుడ్డ చీల్చాడు. నవల్లో అయితే అందులోంచి పాత ప్రేమలేఖ ఒకటి జారిపడేది. ఇక్కడ రెండు చెంచాలు, బొత్తాలు, పెద్దత్త పారేసుకుని పనిమనిషి మీద పెట్టిన చెవి దుద్దు పడ్డాయి. పెద్దత్త ఆ దుద్దుని చటుక్కున గుప్పెట్లోకి తీసుకుంది. పనిమనిషి ప్రసక్తి తీసుకురాలేదు.

లోపల పట్టీ ఒకటి ఊడి వేలాడుతోంది. ఇంకెవరినైనా పిలవచ్చు, రేపు పనివాళ్ళని పంపిస్తాననచ్చు. కానీ చెయ్యి ఊరుకోదు కదా. అతను సంచిలోంచి సుత్తి తీశాడు, చిన్న మేకులు గుప్పెడు నోట్లో పోసుకున్నాడు, పట్టీ లాగి బిగించి టకీమని కొట్టాడు. కొడుతూ, ఇటు వీపు పెట్టే, పెదవి మూల నుంచి ఏదో ముద్దగా అన్నాడు.

"లోపలి చెక్క గట్టిగానే ఉందట, పైన గుడ్డా స్ప్రింగులూ మారిస్తే చాలట," అని పాప అప్పజెప్పింది.

పెద్దత్త నోటిదాకా తీసుకెళ్ళిన కప్పు అక్కడే ఆగింది. ఆ వీపు చూసింది. ఆ ముద్దమాట విన్నది. దాన్ని పాప తడుముకోకుండా అప్పజెప్పడం చూసింది. ముఖంలో దీపం గాలేసినట్టు ఆరింది.

"పాపా," అంది గొంతు దించి, "ఇతను..."

"అవును పెద్దత్తా."

"ఆ వసారా..."

"అవును పెద్దత్తా, ఆ వసారాయే."

పెద్దత్త కప్పు కింద పెట్టింది. గొంతు మళ్ళీ పెద్ద చేసి, గోడకి చెబుతున్నట్టు, "ఎంత పైకొచ్చినా చేతిపని చేతిపనే. మనిషి నేలమీదికే పోతాడు. ఆ బంగారు అంచు కప్పు లోపల పెట్టెయ్యి పాపా, పగులుతుంది," అంది.

సుత్తి ఆగింది. ఆ ఆగడం పాపకి బాగా తెలుసు. ఇదివరకు ఒకసారి విన్నదే. ఇప్పుడు తను నోరు మూసుకుంటే, ఇంకో పట్టీ కొట్టి, కోటు వేసుకుని, ఈ మనిషి మళ్ళీ వెళ్ళిపోతాడు. ఈసారి ముందు గుమ్మంలోంచి వెళ్తాడు, అంతే తేడా.

పాప వెళ్ళి ఆ బంగారు అంచు కప్పులోనే ఇంకోసారి టీ పోసి, నేలమీద అతని పక్కనే పెట్టి, తనూ నేలమీద కూర్చుంది. మోకాళ్ళు కిరకిరమన్నాయి.

"మిమ్మల్ని ఒకటి అడగాలి," అంది. "మళ్ళీ పెళ్ళి చేసుకునే ఆలోచన ఉందా మీకు?"

అతనికి జవాబు చెప్పడానికి నోట్లో చోటు లేదు. ఒక్కో మేకూ తీసి అరచేతిలో వేసుకోవడం మొదలుపెట్టాడు. గుప్పెడు మేకులు పోసుకుంటే పోసుకోవడం తేలికే, తియ్యడమే ఎంతకీ తెమలదు. పెద్దత్త ఊపిరి బిగబట్టి ఒక్కో మేకునీ పాపిష్టి కళ్ళతో చూస్తోంది. ఆఖరిది కూడా తీసి, చేతిరుమాలుతో మూతి తుడుచుకుని అతను అన్నదేమిటయ్యా అంటే:

"గుడ్డ రంగు మీరే ఎంచుకోవాలండి. రేపు ఓసారి షెడ్డుకి రండి."

లేచి వెళ్ళిపోయాడు. టీ మాత్రం తాగాడు.

"చూశావా," అంది పెద్దత్త గెలిచినదానిలా. "నువ్వు పెళ్ళంటే వాడు గుడ్డలంటాడు."

మర్నాడు పాప లైబ్రరీకి సెలవు పెట్టి షెడ్డుకి వెళ్ళింది. ముందు షాపంతా అద్దాలూ లైట్లూ, వెనక తలుపు తోస్తే గాలంతా దూదిపింజలు, జిగురు వాసన, ఎటు చూసినా పొట్ట చీల్చిన సోఫాలు. మధ్యలో పొడవాటి బల్ల ముందు ఓ ముసలావిడ చేటంత కత్తెరతో గుడ్డ కోస్తోంది. అతని అత్తగారు. పనివాళ్ళు ఆవిడని చాటుగా కత్తెరమ్మ అంటారు. ఆవిడ కోసేది గుడ్డలొక్కటే కాదు.

పాప కూర్చోడానికి శుభ్రమైన చోటు కోసం అటూ ఇటూ చూసింది. కత్తెరమ్మ ఆ చూపు పట్టేసింది.

"నువ్వేనా అమ్మాయ్, మా అల్లుణ్ణి పెళ్ళి సంగతి అడిగింది?"

"అవునండి."

"రాత్రి చెప్పాడులే. అన్నం సయించలేదు వాడికి. ఏం పనొచ్చు నీకు?"

"లైబ్రరీలో పని చేస్తాను. ఇంట్లో మా పెద్దత్తకి చదివి వినిపిస్తాను."

"చదవడం సరే, అది కూర్చుని చేసేదే కదా. పనేం వచ్చు అంటున్నా." కత్తెర చరచరా నడిచింది. "చూడమ్మాయ్, నాకు నీ మీద కోపమేం లేదు. మాకు మూడు తరాల నుంచి చేతిలో పని ఉంది. మీ పెద్దిళ్ళవాళ్ళకి చేతిలో ఏముంటుంది? పై వాటా అద్దె. అలాంటి ఇంట్లోంచి పిల్లని తెచ్చుకున్నామంటే మావాళ్ళలో నేను తలెత్తుకోవద్దూ? అంతస్తు కూడా చూసుకోవాలి కదా."

పాపకి ఒక్కసారిగా నవ్వొచ్చింది. ఆ మాటలు ఎన్ని నవలల్లో చదివిందో, ఎన్నడూ ఈ వైపు నిలబడి వినలేదు. నవ్వు నోట్లోనే ఆపుకుని అతనివైపు చూసింది. అతను చేతిలో స్పాంజి ముక్క నలుపుతూ నేల చూపులు చూస్తున్నాడు.

"ఏమండీ, మీరేం అనరా?" అంది పాప.

అతను స్పాంజి ముక్క అవతల పెట్టాడు. "ఆ రోజు వసారాలోకి రెండు నవ్వులు వినిపించాయి. ఒకటి మీ పెద్దత్తగారిది. దానికేమీ అనుకోలేదు. రెండోది..."

"నాదే."

"అది మీది కాదేమో అనుకుందామని చాలాకాలం చూశాను."

"నాదే," అంది పాప మళ్ళీ. "పెద్దత్త చెడగొట్టిందని ఇన్నేళ్ళూ ఆవిడకి ఓహో ఓహో అని దెప్పుతూ కూర్చున్నాను. ఆవిడ మీ మొహం చూళ్ళేదు, నేను చూశాను. చూసి కూడా నవ్వాను. ఆ నవ్వుకి మీరు నన్ను వద్దంటే తలొంచుకుని పోతాను. కానీ మీ అత్తగారు వద్దన్నారని మీరు నేల చూపులు చూస్తే మాత్రం పోను. ఆ పని నేను ఒకసారి చేశాను. తర్వాత మధ్యాహ్నాలు గడవడం చాలా కష్టం."

షెడ్డులో సుత్తులన్నీ ఆగిపోయాయి. పనివాళ్ళు మేకులు నోట్లో పెట్టుకుని నోళ్ళు తెరవడం ఎలాగో తెలీక అవస్థ పడుతున్నారు.

అతను కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అత్తయ్యా," అన్నాడు కత్తెరమ్మతో, "మీ మాట ఏనాడూ కాదనలేదు. ఇది మాత్రం నన్ను చెప్పనివ్వండి. నాకిష్టమే."

కత్తెరమ్మ అల్లుణ్ణి చూసింది, పాపని చూసింది, కోస్తున్న గుడ్డని చూసింది. మనిషి మొహం మాడ్చుకుంది గానీ కత్తెర కింద పెట్టింది.

"ఇష్టమైతే నన్నడగడమెందుకు, నాకు పని ఉంది," అంది. "ఆ అంచు పట్టుకో అమ్మాయ్. రెండు చేతులా. అలా కాదు, అది చంటిపిల్ల దుప్పటి కాదు. బిగించి లాగు. ఇంకా లాగు. గుడ్డకి నొప్పి పుట్టదు, నీకే పుడుతుంది."

పాప లాగింది. సరిగ్గా రాలేదు. మళ్ళీ లాగమంది, మళ్ళీ లాగింది.

సాయంత్రం జుట్టంతా దూదితో, గోళ్ళ సందుల్లో జిగురుతో ఇంటికొచ్చేసరికి పెద్దత్త విరిగిన సోఫా ఎదురుగా ముక్కాలిపీట మీద కూర్చుని ఉంది. నవల ఒళ్ళో ఉంది, తలకిందులుగా.

"పెద్దత్తా, నేను అతన్ని చేసుకుంటున్నాను," అంది పాప. "అడగట్లేదు, చెప్తున్నాను."

పెద్దత్త నవ్వలేదు. నవల మూసింది, తెరిచింది, మళ్ళీ మూసింది. ఏదో పెద్ద మాటే వస్తుందని పాప కాచుకుని నిలబడింది. వచ్చిన మాట చిన్నది.

"మరి నా సంగతేమిటే?"

అంతస్తులూ వంశాలూ పరువులూ అన్నీ ఎటు పోయాయో, గది మధ్యలో పీట మీద ఓ ముసలావిడ మిగిలింది. పాపకి జాలేసింది. జాలి వేసినా ఈసారి మాట వెనక్కి తీసుకోలేదు.

"నువ్వూ రా పెద్దత్తా. అక్కడ అతని అత్తగారు కూడా ఉంటారు. పోట్లాడుకోడానికి మనిషి దొరుకుతుంది."

"ఆ ఇంట్లో నేనెక్కడ కూర్చోవాలే?" అంది పెద్దత్త. ఈ ఇంట్లో ఎవరు ఎక్కడ కూర్చోవాలో జీవితమంతా తనే నిర్ణయించిన మనిషి కదా, ఆ భయం ఆవిడకే తెలియాలి.

"కుర్చీలకేం తక్కువ పెద్దత్తా," అంది పాప, "అదే కదా వాళ్ళ వ్యాపారం."

పెద్దత్త ముక్కు చీదుకుంది. తర్వాత, చేతులున్న కుర్చీలేనా అని అడిగింది.